ఉత్తి గరిటె

జ్యేష్ఠ శుద్ధ విదియ

యంత్రం బాగా నడుస్తోంది. నీళ్ళలో ఉప్పు లేదు. రెండో గొట్టానికి నాచు పడితే గీకి శుభ్రం చేశాను.

ఈ లాగ్‌లో నీళ్ళ సంగతులే రాయాలనీ, సొంత సంగతులు రాయకూడదనీ మొదటి పేజీలోనే అచ్చేసి పెట్టారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నాకూ తెలుసు. కానీ మంచె మీది మంచినీళ్ళ యంత్రం నా చేతికొచ్చి అరవై ఏళ్ళు కావస్తోంది, ఇన్నాళ్ళలో ఈ లాగ్‌ను తెరిచి చూసిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. అంచేత రాస్తున్నాను. మా ఆవిడ భ్రమరాంబ ఇవాళ పడవెక్కి ఒడ్డుకు వెళ్ళింది.

మంచె అంటే సముద్రంలో చమురు తోడిన రోజుల్లో కట్టిన ఇనప కట్టడం. చమురు అయిపోయాక మాలాంటి వాళ్ళం వచ్చి చేరాం. చేలో పిట్టలు తోలే మంచెలాగా కాళ్ళ మీద నిలబడి ఉంటుందని ఆ పేరు పెట్టుకున్నాం.

భ్రమరం చెల్లెలు మాణిక్యానికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. మాణిక్యం మా ఆవిడ కన్నా పన్నెండేళ్ళు చిన్న. పక్కపక్కన నిలబెడితే మాత్రం మా ఆవిడకి అమ్మలా ఉంటుంది. ఒడ్డున వాళ్ళు మూడు పూటలా తింటారు, ఎనభై వచ్చేసరికి వంగిపోతారు. మేం ఒంటిని నెమ్మది చేసే నింపాది సూది వేయించుకున్నవాళ్ళం. రోజుకు గ్లాసుడు జావ తాగుతాం. రోహిణీ కార్తెలో కూడా స్వెట్టరు తీయం. ఆకలి ఎలా ఉంటుందో నాకిప్పుడు గుర్తులేదు. తొంభై దాటాను, అద్దంలో చూసుకుంటే నలభై అయిదేళ్ళ మనిషి కనిపిస్తాడు.

"ఎన్నాళ్ళుంటావు?" అని అడిగాను.

"దాన్ని చూసి వచ్చేస్తానండి. మీరు చలికి తలకి మఫ్లరు కట్టుకోండి," అంది.

జ్యేష్ఠ బహుళ పంచమి

యంత్రం మామూలే.

భ్రమరం తిరిగొచ్చింది. పడవ దిగుతుంటే చెయ్యి అందించాను. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మంచె మీద ఎవరి చెయ్యీ వెచ్చగా ఉండదు. భయపడాల్సింది పోయి, ఎంత బాగుందో అనుకున్నాను. పెళ్ళైన కొత్తలో ఉండేది ఆ వెచ్చదనం. పట్టుకుని వదల్లేదు.

"వదలండి బాబూ, అందరూ చూస్తున్నారు," అంది.

ఇంటికొచ్చీ రాగానే గోళ్ళ కత్తెర ఎక్కడ పెట్టేరని అడిగింది. మేం గోళ్ళు ఉగాదికి ఒకసారి తీసుకుంటాం. అప్పుడు చూశాను ఆవిడ వేళ్ళు. తెల్లగా పెరిగి ఉన్నాయి గోళ్ళు. నా గుండెకు తొందరపడే అలవాటు లేదు, అయినా ఒక్క దెబ్బ గట్టిగా కొట్టుకుంది.

"ఏం తిన్నావే అక్కడ?"

"పెట్టింది తిన్నాను."

మేం గోదావరి వాళ్ళం. ఇంటికొచ్చిన మనిషికి ఒక్కసారి వడ్డించి ఊరుకోవడం మాకు చేతకాదు. మారు వడ్డించాలి. వద్దంటే ఇంకాస్త వడ్డించాలి. విస్తరి మీద పడి అడ్డుకుంటే వేళ్ళ సందుల్లోంచి వడ్డించాలి. నింపాది ఒంటికి ఆ గ్లాసుడు దాటితే ముప్పు, ఒళ్ళు మేలుకుంటుంది. సూది వేయించుకున్న కొత్తలో ఈ మర్యాదల వల్లే కొందరు మేలుకుని, చూస్తుండగా ముసలివాళ్ళైపోయారు. మర్యాద మానమని డాక్టర్లు మొత్తుకున్నారు. మానడం మావల్ల కాలేదు. చివరికి మధ్యేమార్గంగా ఉత్తి గరిటె మొదలుపెట్టాం. అతిథి జావ తాగాక ఇంటివాళ్ళు ఖాళీ గరిటె తెచ్చి గ్లాసు మీద వంచుతారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "చాలండి, కడుపు నిండిపోయింది" అంటాడు. "మరీ మొహమాటపడుతున్నారు" అంటారు వీళ్ళు. గరిటెలో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. అయినా అది జరక్కపోతే ఆ ఇంట్లో ఏం పెట్టారని అడుగుతారు జనం.

భ్రమరం మంచం మీద కూర్చుని చెప్పింది. "లేవలేని మనిషి లేచి వండిందండి. ఆవ పెట్టి పనసపొట్టు కూర. ఒకసారి వడ్డించింది. పోనీలే అని కొంచెం తిన్నాను. మళ్ళీ గరిటె తెచ్చింది. అలవాటు కదా, చెయ్యి అడ్డం పెట్టబోయేను. చూస్తే గరిటె నిండా కూర. 'అక్కా, ఉత్తి గరిటెలు మీ మంచె మీద ఉంచుకో. మళ్ళీ నా చేత్తో పెడతానో లేదో' అంది. ఆ చేతికి అడ్డం ఎలా పెట్టనండీ?"

"ఒక్కపూటేనా?"

"ఉన్నన్నాళ్ళూ పెట్టింది."

తిట్టాలని నోరు తెరిచాను. ఏమని తిట్టను? నేనైనా ఆ గరిటెకు చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి కాదు.

కాసేపటికి, "ఇంట్లో తినడానికేవైనా ఉందాండీ?" అని అడిగింది. లేదన్నాను. మా ఇంట్లో తినడానికి ఎప్పుడూ ఏమీ ఉండదు.

ఆషాఢ శుద్ధ సప్తమి

యంత్రం మామూలే. గాలి ఎక్కువగా ఉంది.

డాక్టర్ సువర్చల దగ్గరకు తీసుకెళ్ళాను. ఈవిడ మాటలు ఏరుకుని మాట్లాడుతుంది. భ్రమరం నాడి చూసి, నాలుక చూసి, వెచ్చదనం చూసి, ఆవిణ్ణి బయట కూర్చోమంది.

"మేలుకుందండి పేర్రాజు గారూ."

"ఇంకో సూది వెయ్యండి."

"ఒకసారి మేలుకున్న ఒంటికి సూది పట్టదండి. వేసి చూశాం, ఎవరికీ పట్టలేదు."

"పోనీ ఒడ్డువాళ్ళలాగే ఉంటుంది కదా? వాళ్ళూ ఎనభయ్యేళ్ళు బతుకుతున్నారు."

"అరవై ఏళ్ళు ఆరిపోయి ఉన్న పొయ్యి అండి ఇది. రాజుకుంటే మామూలుగా మండదు. ఒడ్డువాళ్ళకి పదేళ్ళలో వచ్చే ముసలితనం ఈవిడకి ఒకటి రెండేళ్ళలో వచ్చేస్తుంది. ఒక దారుంది. ఆకలికి సగమే పెట్టండి. తక్కువ తింటే తక్కువ మండుతుంది. లంఖణం పరమౌషధమని పెద్దవాళ్ళు ఊరికే అన్లేదు. సగం కడుపుతో ఉంటే ఇరవయ్యేళ్ళు లాగచ్చు. ఆకలి తీరా తింటే నాలుగో, అయిదో."

బయటకు వచ్చేసరికి భ్రమరం బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. ఏమందని అడిగింది. కొంచెం తక్కువ తినమందని చెప్పాను. "ఇంకా తక్కువెక్కడిదండీ, ఇచ్చేదే గ్లాసుడు!" అని నవ్వింది. ఆ నవ్వు పెద్దగా ఉంది. మంచె మీద జనం తలలు తిప్పి చూశారు.

శ్రావణ బహుళ అష్టమి

యంత్రం మామూలే.

సగం కడుపు వైద్యం నడుస్తోంది. పొద్దున గ్లాసున్నర జావ, సాయంత్రం గ్లాసున్నర జావ. కొలిచేది నేనే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఆ సామెత కట్టినవాడు నన్ను చూడలేదు.

డాక్టరు సంతోషంగానే ఉంది. చేతుల్లో వెచ్చదనం తగ్గిందట. నాకూ తెలుస్తోంది తగ్గిందని. భ్రమరం పగలంతా గోడవైపు తిరిగి పడుకుంటోంది. పలకరిస్తే విసుక్కుంటోంది. ఆకలి రుచెరగదంటారు కదా అన్నాను ఒకరోజు, ఏదో మాట్లాడాలని.

"అబద్ధమండి. జావలో ఉప్పు తగ్గినా తెలుస్తోంది నాకు. మీకే తెలీదు," అంది.

ఇవాళ యంత్రం దగ్గర్నుంచి తొందరగా వచ్చాను. వంటగట్టు దగ్గర నిలబడి జావ గిన్నె అడుగు వేలితో గీకి నాకుతోంది. నన్ను చూసి గిన్నె వెనక్కి దాచి, కొంగుతో మూతి తుడుచుకుంది. తొంభై ఏళ్ళ మనిషి, దొంగతనం చేసి దొరికిపోయిన పిల్లలా నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. నింపాదివాళ్ళకు కన్నీళ్ళు అంత త్వరగా రావు, అందుకని నేను ఏడుస్తున్నానని ఆవిడకి తెలియలేదు.

సాయంత్రం పడవ మీద కబురొచ్చింది, మాణిక్యం పోయిందని. భ్రమరం ఏడ్చింది. ఆవిడకి వెంటనే వచ్చాయి నీళ్ళు. ఏడ్చి ఏడ్చి, "పోయే ముందు ఏం తిందో అడిగేరా?" అంది. అడగలేదన్నాను.

"నన్నిలా ఎన్నాళ్ళుంచుతారు?"

"ఇరవయ్యేళ్ళు ఉంటావంది డాక్టరు."

"ఇరవయ్యేళ్ళూ ఆకలితోనేనా?"

పడవవాణ్ణి ఆపి, ఒడ్డునుంచి బియ్యం, పప్పు, ఒక పొయ్యి, మూకుడు తెమ్మని చెప్పాను. ఇరవయ్యేళ్ళని నాలుగేళ్ళు చేస్తున్నానని తెలిసే చెప్పాను.

భాద్రపద శుద్ధ చవితి

యంత్రం మామూలే. మామూలు కానివి చాలా ఉన్నాయి.

వారం కిందట ఒక ఉదయం భ్రమరం నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ వేసి తాలింపు పెట్టింది. మంచె మీద అరవై ఏళ్ళుగా ఎవరూ తాలింపు పెట్టలేదు. మధ్యాహ్నానికల్లా పక్కింటి తాతబ్బాయి గారు వచ్చారు. ఆయనది మెత్తటి స్వభావం, ఫిర్యాదు చెయ్యడానికి కూడా ముందు యోగక్షేమాలు అడుగుతారు.

"ఏం లేదు పేర్రాజు గారూ. ఆ వాసనకి మా ఆవిడ పొద్దుట్నుంచి కిటికీ దగ్గరే కూర్చుందండి. రేపు ఎవరికైనా ఏవైనా అయితే బాగోదు కదండీ. కమిటీవాళ్ళు ఏవంటున్నారంటే, మీరు కొంచెం ఆ చివరికి, యంత్రం వైపుకి మారితే..."

మారిపోయాం. మోటార్ల పక్కన ఇనప గదిలో కాపురం పెట్టాం. గాలి ఆ గది మీదుగా సముద్రంలోకి పోతుంది, వాసన ఊళ్ళోకి రాదు. తమాషా ఏమిటంటే, అప్పట్నుంచి నీళ్ళ రుచి మారిందేమో చూడాలని రోజుకు నలుగురైనా యంత్రం దగ్గరకు వస్తున్నారు. వచ్చి సముద్రం వైపు పిట్టగోడ దగ్గరే నిలబడుతున్నారు. తాతబ్బాయి గారు రెండుసార్లు వచ్చారు.

భ్రమరం మాత్రం హాయిగా ఉంది. అన్నం కలుపుతుంటే చేతి గాజులు గలగలమంటున్నాయి. పాట పాడుతుంది, నన్ను తిడుతుంది, వెంటనే మరిచిపోతుంది. నేను మాట మొదలుపెట్టేలోపు జవాబు చెప్పేస్తుంది.

"మీరు 'భ్ర' అనేసరికి నేను ఎసరు పెట్టేసి, బియ్యం కడిగేసేనండి. ఆ మిగతా 'మరం' ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను," అంది ఇవాళ. నేనూ నవ్వాను, ఆవిడ నవ్వు ముగించాక.

చెవి పక్కన ఒక తెల్ల వెంట్రుక కనిపించింది. చెప్పలేదు.

కార్తీక శుద్ధ ద్వాదశి

యంత్రాన్ని నిన్న చూడలేదు. ఆసుపత్రిలో ఉన్నాను.

ఎలా జరిగిందో రాస్తాను. ఆవిడ ఒక్కతీ ముందుకు వెళ్ళిపోతుంటే నేనెందుకు వెనక నిలబడాలి, నేనూ మేలుకుంటే ఇద్దరం కలిసి ముసలివాళ్ళం కావచ్చు కదా అనిపించింది. ఈ ఆలోచన రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. నింపాది బుర్ర. నిన్న భ్రమరం పచ్చిపులుసు, కందిపచ్చడి చేసింది. పీట వాల్చుకుని కూర్చున్నాను.

"నాకూ వడ్డించు."

"మీకేవైనా పిచ్చా?"

"పెట్టవే. ఎవరి కోసం దాస్తావు?"

మొదట కోప్పడింది. తరవాత ఏడ్చింది. తరవాత వడ్డించింది. ఎదురుగా కూర్చుని, నేను ముద్ద నోట్లో పెట్టుకోవడం చూస్తూ ఉంది. ఆ చూపు చూసి ఎన్నేళ్ళైందో. మొదటి ముద్దకు ఏ రుచీ తెలియలేదు. రెండో ముద్దకు పులుపు తెలిసింది. మూడోది గొంతులో ఆగిపోయింది. తరవాత గుర్తున్నది ఆవిడ కేకలే.

డాక్టర్ సువర్చల పక్కన కుర్చీ వేసుకుని చెప్పింది. "మీ పేగులు అన్నం తీసుకోవండి. మీకు నింపాది బాగా లోతుగా పట్టింది. కొందరు రెండో గరిటెకే మేలుకుంటారు, కొందర్ని కొట్టి లేపినా లేవరు. మీరు ఇంకోసారి ఈ పని చేస్తే మేలుకోరు, చచ్చిపోతారు."

"ఎందుకలా?"

"తెలీదండి."

"నేనెన్నాళ్ళు బతుకుతాను?"

"మీ ఒళ్ళు చూస్తే ఇంకో అరవై, డెబ్భై ఏళ్ళు."

శుభవార్తలా చెప్పింది పాపం.

భ్రమరం నా మంచం పక్కనే ఉంది. "మీకు నా వంట పడదని మా అత్తగారు అప్పుడే అన్నారు," అంది. నవ్వించాలని అంది. నవ్వడానికి నాకు టైము పట్టింది, ఈలోగా ఆవిడ వెళ్ళి పొయ్యి అంటించుకుంది.

వైశాఖ బహుళ తదియ, మూడో ఏడు

యంత్రం పాతబడిందని మోటార్లు మార్చారు. కొత్తవి చప్పుడు చెయ్యవు.

చాలాకాలం రాయలేదు. నాకది చాలాకాలంలా అనిపించలేదు, తేదీ చూశాక తెలిసింది. అదే నా బాధ. నేను ఒక కునుకు తీసి లేచేసరికి ఆవిడ జుట్టు నెరిసింది. రెండు పళ్ళు ఊడాయి. మోకాళ్ళు పట్టేశాయి. మొన్న మంచెకి కొత్తగా వచ్చినావిడ భ్రమరాన్ని, "పేర్రాజు గారి అమ్మగారాండీ?" అని అడిగితే పిట్టగోడ దగ్గర నిలబడే జనం ఆపలేదు. భ్రమరం "ఆయ్, అవునండి, బుద్ధి లేని కొడుకు" అని చెప్పి లోపలికి వచ్చి పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను చెయ్యగలిగినవి చేస్తున్నాను. ఆవిడ వంగలేదు కాబట్టి పొయ్యి నేనే అంటిస్తాను. ఆవిడ చెబుతుంటే వండుతాను. రుచి చూడలేను, కాబట్టి ఉప్పు ఆవిడే చూసి చెబుతుంది. విస్తరి వేసి, వడ్డించి, మారు వడ్డిస్తాను, నిండు గరిటెతో. ఆవిడ ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టదు. "ఇంకా వెయ్యండి, మీ సొమ్మేం పోయింది" అంటుంది. మంచె మొత్తం మీద నిండు గరిటె పట్టుకునే మగాణ్ణి నేనొక్కణ్ణే.

ఒక్కొక్కసారి అనుకుంటాను, సగం కడుపుతోనే ఉంచి ఉంటే ఇంకా జుట్టు నల్లగానే ఉండేది కదా అని. ఇంకోసారి ఆ గిన్నె అడుగు గుర్తొస్తుంది. తింటే ఆయాసం, తినకపోతే నీరసం అని మనవాళ్ళు హాస్యానికి అంటారు. నా ఇంట్లో అది హాస్యం కాదు.

పుష్య శుద్ధ దశమి, నాలుగో ఏడు

యంత్రం మామూలే.

ఇవాళ పనసపొట్టు కూర వండాను. కాలం కాని కాలంలో లేతకాయ కోసం పడవవాణ్ణి బతిమాలి ఎక్కడెక్కడో వెతికించాను. భ్రమరం వారం రోజులుగా సరిగా తినడం లేదు. గోడకు ఆనించి కూర్చోబెట్టి, విస్తరి ముందు పెట్టాను. రెండు ముద్దలు తింది. ఆవ బాగా కుదిరిందండి అంది.

మళ్ళీ గరిటె తెచ్చాను.

భ్రమరం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

అలవాటుగా పెట్టిందేమో అనుకున్నాను. పాత మర్యాద గుర్తొచ్చిందేమో అనుకున్నాను. "మరీ మొహమాటపడుతున్నావు" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"చాలండి. నిజంగానే ఆకల్లేదు," అంది.

ఆ చెయ్యి తీయలేదు. పట్టుకుంటే చల్లగా ఉంది. నా చెయ్యి ఎంత చల్లగా ఉందో అంత చల్లగా ఉంది. నిండు గరిటె ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

మాఘ శుద్ధ పాడ్యమి

యంత్రం చూడలేదు. ఎవరో చూస్తున్నారు.

మనిషి పోయి పొయ్యి వెలగని ఇంటికి పక్కింటివాళ్ళు తిండి పట్టుకురావడం మా ఆచారం. తాతబ్బాయి గారు జావ తెచ్చారు. గ్లాసులో పోసి నా చేతికిచ్చారు. తాగాను. ఆయన భ్రమరం తాలింపు వాసన గురించి ఒక మాట మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు.

తరవాత లేచి గరిటె తీసుకుని నా గ్లాసు మీద వంచారు.

నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఆయన ఎదురుచూశారు. నింపాదివాళ్ళం కదా, ఎంతసేపైనా చూస్తాం. చివరికి, "మొహమాటపడకండి పేర్రాజు గారూ," అన్నారు, నేను చాలనకుండానే.

"మొహమాటం ఏమీ లేదండి. వెయ్యండి," అన్నాను.

ఆయన గరిటె వైపు చూశారు, నా వైపు చూశారు. గరిటె వెనక్కి తీసుకోవడం మర్యాద కాదు, వెయ్యడానికి అందులో ఏమీ లేదు. వేసినా నేను తాగలేనని మా ఇద్దరికీ తెలుసు. అలాగే వంచి పట్టుకుని నిలబడ్డారు. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

చీకటి పడేదాకా అలాగే ఉన్నాం.